పెద్ద కాలనీ చుట్టూ ఆ చిన్న తెల్ల చుక్కలు ఏంటివి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నల్లగొండలో ఎమ్మెస్సీ బయోటెక్ చదువుతున్నావు. పీయూసీ19 అనే ప్లాస్మిడ్‌లో, అంటే బాక్టీరియాలో విడిగా తిరిగే చిన్న గుండ్రటి డీఎన్ఏలో, 700 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతల) ముక్కను, అంటే ఇన్సర్ట్‌ను, ఎక్కించడం నీ ప్రాజెక్టు. డీఎన్ఏను కోసే ఈకో ఆర్ వన్ ఒక్క ఎంజైముతోనే కోసి, అతికించే ఎంజైము లైగేజ్‌తో అతికించి, డీహెచ్5 ఆల్ఫా అనే ఈ.కోలై బాక్టీరియా కణాల్లోకి పంపావు. బాక్టీరియాను చంపే ఆంపిసిలిన్ మందు, విరిగితే నీలం రంగునిచ్చే ఎక్స్‌గాల్ ఉన్న ప్లేటు మీద నాలుగైదు పెద్ద నీలం కాలనీలు, వాటి చుట్టూ రవ్వ చల్లినట్టు చిన్న చిన్న తెల్లవి వచ్చాయి. తెల్లదంటే ఇన్సర్ట్ ఉన్నట్టే అని పుస్తకంలో ఉంది కాబట్టి ఆ చిన్నవాటినే ఏరి, ఆంపిసిలిన్ కలిపిన బ్రాత్‌లో (బాక్టీరియా పెరిగే పోషక ద్రవంలో) వేశావు. తెల్లారేసరికి పన్నెండు ట్యూబులూ మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి. మూడుసార్లూ ఇదే కథ. దాంతో పాటు ఇంకో రెండు అడిగావు: బాక్టీరియా ఈ ప్లాస్మిడ్‌ను అసలెందుకు మోస్తుంది, మీ నాన్న వేసే బీటీ పత్తిలో కూడా ప్లాస్మిడ్ ఉంటదా అని.

మొదటిదానికి జవాబు చిన్నది. నువ్వు ఏరినవాటిలో ప్లాస్మిడే లేదు.

వాటిని శాటిలైట్ కాలనీలు అంటారు. మా ల్యాబ్‌లో మేం చుట్టాల కాలనీలు అనేవాళ్ళం. పీయూసీ19 మీద ఉన్న ఆంపిసిలిన్ నిరోధక జీన్ బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును చేస్తుంది. ఆ ఎంజైము ఆంపిసిలిన్ అణువులోని బీటా లాక్టమ్ వలయాన్ని విరగ్గొడుతుంది. అయితే అది కణం లోపలే బుద్ధిగా కూర్చోదు, బయటి అగార్‌లోకి, అంటే ప్లేటులోని జెల్లీలోకి, కారిపోతుంది. మనవైపు ఒకడు లక్షలు పోసి బోరు వేస్తే, ఒడ్డు తెగి నీళ్ళు పక్క చేన్లోకి పారి, పైసా పెట్టనోడి చేను కూడా పచ్చబడుతుంది చూడు, అట్లా. పెద్ద కాలనీ చుట్టూ మందు ఖాళీ అయిపోతుంది. ఆంపిసిలిన్ గోడ కట్టుకుంటున్న కణాన్ని చంపుతుంది తప్ప, పెరగకుండా ముడుచుకుని పడుకున్నదాన్ని అంత సులువుగా చంపలేదు. ఆ పడుకున్నవే మందు పోగానే లేచి చుక్కలయ్యాయి. వాటిని తీసుకెళ్ళి కొత్త ఆంపిసిలిన్ బ్రాత్‌లో వేస్తే చావక ఏం చేస్తాయి?

మరి తెల్లగా ఎందుకున్నాయంటావా? డీహెచ్5 ఆల్ఫా కణానికి బీటా గాలక్టోసిడేజ్ ఎంజైము అసంపూర్తిగానే ఉంటుంది. మిగతా చిన్న ముక్క, ఆల్ఫా ముక్క, పీయూసీ19 ఇస్తుంది. రెండూ కలిస్తేనే ఎక్స్‌గాల్ విరిగి నీలం వస్తుంది. మన ఇన్సర్ట్ ఆ ఆల్ఫా ముక్క మధ్యలో దూరితే రంగు రాదు. ప్లాస్మిడే లేకపోయినా రాదు. అంటే తెలుపుకు రెండర్థాలు. పుస్తకం ఒకటే చెప్పింది.

ఇగ ప్లాస్మిడ్ సంగతి. ఈ చుట్టాల కాలనీలు అర్థమైతే సగం అర్థమైనట్టే.

ఈ.కోలై క్రోమోజోము దాదాపు 46 లక్షల బేస్ జతలు. పీయూసీ19 మొత్తం 2,686. గుండ్రటి రెండు పోగుల డీఎన్ఏ, క్రోమోజోముతో సంబంధం లేకుండా విడిగా తిరుగుతుంది. 1952లో జాషువా లెడర్‌బర్గ్ దీనికి ప్లాస్మిడ్ అని పేరు పెట్టాడు. దీనిలో తప్పనిసరిగా ఉండాల్సింది ఒకటే ఒకటి: ఓరి. మనం కోపమొచ్చినప్పుడు పిలిచే ఓరి కాదు, నకలు మొదలయ్యే చోటు. బాక్టీరియా డీఎన్ఏ నకలు యంత్రాంగం ఆ చోటును గుర్తుపట్టి అక్కడి నుంచి చుట్టూ తిరిగి కాపీ చేసేస్తుంది. ఎంజైములు కణానివి, ముడిసరుకు కణానిది, శక్తి కణానిది. ఓరి పక్కన ఏం రాసి ఉందో యంత్రాంగం చదవదు. నువ్వు కప్ప జీన్ పెట్టినా, పత్తి జీన్ పెట్టినా, అర్థంపర్థం లేని అక్షరాలు పెట్టినా అదే శ్రద్ధతో కాపీ చేస్తుంది.

కప్ప అని ఊరికే అనలేదు. 1972లో హొనొలులూలో జరిగిన ఒక సమావేశంలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ కలిశారు. ఒకరి దగ్గర ప్లాస్మిడ్‌లు, ఇంకొకరి దగ్గర ఈకో ఆర్ వన్ ఎంజైము. 1973లో పీఎస్‌సీ101 అనే ప్లాస్మిడ్‌ను కోసి, వేరే ప్లాస్మిడ్ నుంచి తెచ్చిన కనమైసిన్ అనే మరో మందుకు నిరోధకమిచ్చే ముక్కను అతికించి ఈ.కోలైలో పెంచారు. మరుసటి ఏడాది ఆఫ్రికా కప్ప జీన్లను అదే పద్ధతిలో ఎక్కించారు. బాక్టీరియా తనకు ఏ సంబంధమూ లేని కప్ప డీఎన్ఏను తరతరాలుగా కాపీ చేసుకుంటూ పోయింది. మాలిక్యులర్ క్లోనింగ్ అంటే ఇంతే. ఒక ముక్కను ఓరి పక్కన అతికించి, ఒకే కణం సంతానంగా కోట్ల కాపీలు చేయించుకోవడం.

ఒక్కో కణంలో ఎన్ని కాపీలు ఉండాలో కూడా ఓరియే తేలుస్తుంది. 1977 నాటి పీబీఆర్322కు పదిహేను ఇరవై. దాని నుంచే వచ్చిన పీయూసీ19కు 500 నుంచి 700. ఇంత తేడాకు కారణం చిన్నదే. నకలు మొదలుకావాలంటే ఒక ఆర్ఎన్ఏ ముక్క అక్కడ అతుక్కోవాలి. దానికి ఎదురు ఆర్ఎన్ఏ ఒకటి వచ్చి పట్టుకుంటే నకలు ఆగుతుంది. ఆ పట్టు బిగించడానికి రాప్ అనే ప్రోటీన్ సాయం చేస్తుంది. పీయూసీలో రాప్ జీన్ తీసేశారు, ఓరిలో ఒక్క అక్షరం మారింది. బ్రేకు వదులైంది. ఈ అక్షరం ప్రభావం 37 డిగ్రీల దగ్గర బాగా కనిపిస్తుంది, 30 దగ్గర కాపీలు తగ్గుతాయి. అందుకే ఇంక్యుబేటర్ సరిగ్గా వేడెక్కని రోజుల్లో నీ మినీప్రెప్‌లో (కణాల నుంచి ప్లాస్మిడ్ తీసే పనిలో) డీఎన్ఏ తక్కువొస్తే ఆశ్చర్యపోకు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. బాక్టీరియా ఎందుకు మోస్తుంది? నిజం చెప్పాలంటే, అవసరం లేకపోతే మోయదు. 600 కాపీలు చేయడం ఉత్తపుణ్యానికి జరగదు. మందు లేని బ్రాత్‌లో పెంచితే, పొరపాటున ప్లాస్మిడ్ పోయిన కణం బరువు దిగి తేలిగ్గా, వేగంగా పెరుగుతుంది. తరాలు గడిచేకొద్దీ ట్యూబు నిండా అవే ఉంటాయి. ప్రకృతిలో దొరికే పెద్ద ప్లాస్మిడ్‌లు అంత అమాయకంగా ఉండవు. కణం రెండుగా చీలేటప్పుడు చెరో కాపీ పంచే ఏర్పాటు వాటికుంటుంది. కొన్నిటికి ఇంకా మొండి ఏర్పాటు ఉంది: విషం, విరుగుడు రెండూ ప్లాస్మిడ్ మీదే. విషం ఎక్కువసేపు నిలుస్తుంది, విరుగుడు తొందరగా చెడిపోతుంది. ప్లాస్మిడ్ పోగొట్టుకున్న పిల్ల కణానికి విరుగుడు అయిపోతుంది, విషం మిగులుతుంది. ఇంట్లోంచి పోతే చస్తావ్ అని బెదిరించే రకం అన్నమాట.

పీయూసీ19కు ఆ కుట్రలేవీ లేవు. దాన్ని కణంలో పట్టి ఉంచేది నువ్వు పోసే ఆంపిసిలిన్ ఒక్కటే. ఆ అవసరం తీరిన చోట, అంటే పెద్ద కాలనీ పక్కన, ప్లాస్మిడ్ లేనివి కూడా బతికిపోవడం నువ్వు కళ్ళారా చూశావు.

ఈ మందు నిరోధక జీన్లు మనం కనిపెట్టినవి కాదు. 1950ల్లో జపాన్‌లో జిగట విరేచనాల బాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయింది. ఆ గుణం మొత్తం మూటగా ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పోతోందని అక్కడి శాస్త్రవేత్తలు చూపించారు. మూట అంటే ప్లాస్మిడ్. రెండు కణాల మధ్య సన్నని గొట్టం లాంటి తీగ ఏర్పడి దాని ద్వారా జరిగే బదిలీ అది. మన పల్లెల్లో జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గర రెండు గోళీలు మింగి, తగ్గగానే మిగతావి గూట్లో పెట్టే అలవాటు ఉంది చూశావా, ఈ మూటలు నిలబడేది అక్కడే. పీయూసీ19కు తనంతట తాను పక్క కణానికి పోయే జీన్లు లేవు. మనం బలవంతంగా ఎక్కిస్తే తప్ప ఎక్కదు.

ఆ ఎక్కించడంలోనే నీ అసలు తప్పు ఉంది.

ఈకో ఆర్ వన్ జీ-ఏ-ఏ-టీ-టీ-సీ అనే ఆరక్షరాలను వెతికి, రెండు పోగుల్లోనూ జీ తర్వాత కోస్తుంది. రెండు చివరల్లో ఏ-ఏ-టీ-టీ ఒంటి తోకలు మిగులుతాయి. అదే ఎంజైముతో కోసిన ఏ రెండు చివరలైనా ఒకదానికొకటి సరిపోతాయి. సౌకర్యమూ అదే, తలనొప్పీ అదే. నీ ఇన్సర్ట్ ప్లాస్మిడ్‌లోకి దూరడం కంటే ప్లాస్మిడ్ రెండు చివరలూ తమలో తాము కలుసుకోవడం చాలా సులువు, ఎందుకంటే అవి ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. కాబట్టి చివరలు తమలో తాము అతుక్కోకుండా ఆపే ఫాస్ఫటేజ్ ఎంజైము వేయకుండా ఒక్క ఎంజైముతో కోసి అతికిస్తే ప్లేటు నిండా వందల కొద్దీ నీలం కాలనీలు రావాలి. నీకు వచ్చింది నాలుగైదు.

నీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన అంకె అది. కోసిన పొడుగు డీఎన్ఏ ఈ.కోలై లోపలికి పోయినా అక్కడి ఎంజైములు చివర్ల నుంచి నమిలేస్తాయి. గుండ్రంగా మూసుకున్నదే బతుకుతుంది. నీకు మూసుకున్నవే రాలేదంటే లైగేజ్ పని చేయలేదు, లేదా కాంపిటెంట్ కణాలు, అంటే డీఎన్ఏను లోపలికి తీసుకునేలా తయారుచేసిన కణాలు, చచ్చినవి. ఆ నాలుగైదు నీలాలు ఈకో ఆర్ వన్ కోయకుండా వదిలేసిన ప్లాస్మిడ్‌లు అయ్యుంటాయి.

ఇది ఇంత నమ్మకంగా చెప్పడానికి కారణం నేను రెండు నెలలు అదే గోతిలో పడి ఉన్నాను. నాది జడ్చర్ల దగ్గర పల్లె. నేను చదువుకునే రోజుల్లో మధ్యాహ్నం కరెంటు పోవడం మామూలే. ఫ్రీజర్‌లో లైగేజ్ ఎంజైము గ్లిసరాల్‌లో ఉంటుంది కాబట్టి గడ్డకట్టదు, దానికేం కాలేదు. పక్కనున్న బఫర్ మాత్రం రోజూ కరిగి, గడ్డకట్టి, మళ్ళీ కరిగేది. లైగేజ్‌కు శక్తి ఆ బఫర్‌లోని ఏటీపీయే. అది విరిగిపోయాక ఎంజైము ఎంత మంచిదైనా ఉత్తదే. నేనేమో కొత్త ఎంజైము తెప్పించండని సార్ల వెంట పడ్డాను. తెప్పించారు కూడా. పాత బఫర్‌తోనే మళ్ళీ చేశాను! చివరికి ఒక సీనియర్ అక్క వచ్చి ట్యూబు మూత తీసి వాసన చూసి పారేసింది. ఆ బఫర్‌లో డీటీటీ అనే గంధకపు పదార్థం ఉంటుంది, మూత తీస్తే మురిగిన గుడ్డు లాంటి కంపు సన్నగా రావాలి. కంపు లేదంటే బఫర్ పాతబడ్డట్టు. అప్పటి నుంచి కొత్త బఫర్ రాగానే పది పది మైక్రోలీటర్లు చిన్న ట్యూబుల్లో పోసి, ఒక్కోటి ఒక్కసారి మాత్రమే కరిగిస్తాను.

ఈసారి లైగేషన్‌తో పాటు నాలుగు ప్లేట్లు అదనంగా వెయ్యి. అగార్ దండగ అనుకోకు. ఒకటి, కోయని పీయూసీ19: ఇది నీ కణాలు బతికున్నాయా లేదా చెబుతుంది. రెండోది కోసిన ప్లాస్మిడ్, లైగేజ్ లేకుండా: ఇక్కడ వచ్చే కాలనీలన్నీ సరిగ్గా కోయకపోవడం వల్ల వచ్చినవే. మూడోది కోసిన ప్లాస్మిడ్, లైగేజ్‌తో, ఇన్సర్ట్ లేకుండా: రెండోదానికంటే చాలా ఎక్కువ రావాలి, అప్పుడే లైగేజ్ బతికున్నట్టు. నాలుగోది ఏ డీఎన్ఏ వేయని కణాలు: దీని మీద కాలనీలు వస్తే ప్లేటులో మందు లేదని అర్థం. అగార్ మరీ వేడిగా ఉన్నప్పుడు ఆంపిసిలిన్ కలిపితే పాడవుతుంది. ఫ్లాస్కు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, 50 డిగ్రీల పైచిలుకులో కలపాలి.

లైగేషన్ లెక్క బరువుతో కాదు, అణువుల సంఖ్యతో చేయాలి. ఒక ప్లాస్మిడ్‌కు మూడు ఇన్సర్ట్‌లు అనుకుంటే, 50 నానోగ్రాముల పీయూసీ19కు నీ 700 బేస్‌ల ముక్క 39 నానోగ్రాములు చాలు. 50ని 700తో గుణించి 2,686తో భాగించి మూడు రెట్లు చెయ్యి, అదే వస్తుంది. సమానంగా 50కి 50 వేశానన్నావు, అది నష్టమేమీ కాదు, కానీ ఎందుకు వేస్తున్నావో తెలిసి వెయ్యి.

వీలుంటే ఈ ఒక్క ఎంజైము పద్ధతే మానెయ్. పీయూసీ19లో ఎంజైములు కోసే చోట్లన్నీ గుత్తిగా ఒకే దగ్గర ఉన్నాయి, ఒక కొసన ఈకో ఆర్ వన్, ఇంకో కొసన హిండ్ త్రీ. రెండింటితో కోస్తే చివరలు వేరువేరు, ప్లాస్మిడ్ తనలో తాను మూసుకోలేదు, ఇన్సర్ట్ కూడా ఒకే దిశలో కూర్చుంటుంది. ఇన్సర్ట్‌ను కాపీ చేయడానికి వాడే పీసీఆర్ ప్రైమర్ల (చిన్న డీఎన్ఏ ముక్కల) మొదట్లో నాలుగైదు అక్షరాలు అదనంగా పెట్టించుకోవడం మరిచిపోకు. సరిగ్గా అంచున ఉన్న చోటును ఎంజైము సరిగా కోయలేదు, దానికి కాలు మోపడానికి జాగా కావాలి.

ట్రాన్స్‌ఫర్మేషన్ (ప్లాస్మిడ్‌ను కణాల్లోకి ఎక్కించడం) గురించి ఒక లెక్క చెబుతా. ఒక మైక్రోగ్రాము పీయూసీ19లో దాదాపు 34 వేల కోట్ల అణువులుంటాయి. కాల్షియం క్లోరైడ్‌తో మంచిగా చేసిన కణాలైతే ఆ మైక్రోగ్రాముకు కోటి కాలనీలు ఇస్తాయి. అంటే 34 వేల అణువుల్లో ఒకటే గమ్యం చేరింది! అందుకే మందు కావాలి. దూరినవాటిని మనం వెతకలేం, దూరనివాటిని చంపించాలి. కాల్షియం వల్ల డీఎన్ఏకూ కణం పైపొరకూ మధ్య రుణావేశాల తోపులాట తగ్గుతుంది, ఐసులోంచి 42 డిగ్రీలకు ఒక్కసారిగా మార్చినప్పుడు లోపలికి జారుతుంది. 45 సెకన్లు చాలు. 42 అంటే మన నల్లగొండ మే నెల ఎండ. అందుకే కణాల ట్యూబును చేతిలో పట్టుకుని వరండాలో మాట్లాడుతూ నిలబడకు, వేసవిలో నా స్నేహితుడొకడు అట్లా ఒక బ్యాచ్ మొత్తం వండేశాడు. గాజు సామాను బోరు నీళ్ళతో, సబ్బుతో కడిగి వదిలేస్తే కూడా కణాలు దెబ్బతింటాయి. ఆఖరు కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగుసార్లు. మన నీళ్ళ సంగతి నీకు నేను చెప్పాలా, ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని ఊరి పేరే పెట్టుకున్నాం.

ప్లేట్లను 16 గంటలు పెంచాక తీసి ఫ్రిజ్‌లో పెట్టు, ఆదివారం కదా అని సోమవారం దాకా వదిలితే చుట్టాలు దిగుతారు. ఫ్రిజ్‌లో నీలం ఇంకా చిక్కబడుతుంది కూడా. తర్వాత పెద్ద తెల్లవాటినే ఏరు.

మినీప్రెప్ నాకు ఇప్పటికీ ఇష్టమైన పని. 1979లో బర్న్‌బాయిమ్, డోలీ రాసిన పద్ధతే, కిట్లన్నిటి లోపలా అదే ఉంది. కణాల ముద్దను మొదటి ద్రావణంలో కలిపితే పలచటి మజ్జిగలా ఉంటుంది. రెండోది, సోడియం హైడ్రాక్సైడ్, ఎస్‌డీఎస్ అనే సబ్బు లాంటి పదార్థం ఉన్నది పోసి నెమ్మదిగా తిరగేస్తే మజ్జిగ కాస్తా తేటపడి, మూత తీస్తే చీమిడిలా తీగ సాగుతుంది. ఆ సాగేది క్రోమోజోము. క్షారంలో డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి. ప్లాస్మిడ్ పోగులు మాత్రం రెండు గాజులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నట్టు ఉంటాయి కాబట్టి విడిపోయినా దూరం పోలేవు. మూడోది, పొటాషియం అసిటేట్ పోయగానే పాలు విరిగినట్టు తెల్లటి తుంపులు తేలతాయి. క్షారం తగ్గగానే ప్లాస్మిడ్ పోగులు టక్కున కలిసిపోయి నీళ్ళలో మిగులుతాయి. క్రోమోజోము తన జతను వెతుక్కోలేక చిక్కుపడి ఆ తెల్లటి తుంపుల్లో ప్రోటీన్లతో కలిసి కిందికి పోతుంది. రెండో ద్రావణంలో ఐదు నిమిషాలు దాటితే ప్లాస్మిడ్ కూడా పాడవుతుంది. గట్టిగా కుదిపితే క్రోమోజోము తెగి చిన్న ముక్కలై ప్లాస్మిడ్‌తో పాటు పైకొస్తుంది.

డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద కోయని ప్లాస్మిడ్ రెండు మూడు గీతలుగా కనిపిస్తుంది, భయపడకు. మెలి తిరిగి బిగిసిన రూపం ముందుకు పరుగెత్తుతుంది, ఒక పోగు తెగి వదులైనది వెనకపడుతుంది. కోసిన తర్వాతే లాడర్‌తో (తెలిసిన పొడవుల డీఎన్ఏ కొలబద్దతో) పోల్చు: 2.7 వేల దగ్గర ఒకటి, 700 దగ్గర ఇంకొకటి.

ఇక పత్తి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బాక్టీరియాలో పురుగును చంపే క్రై జీన్లు ఎక్కువగా పెద్ద ప్లాస్మిడ్‌ల మీదే ఉంటాయి. 1981లో అలాంటి ఒక జీన్‌ను తొలిసారి ఈ.కోలైలో క్లోన్ చేశారు. పత్తిలోకి పంపడానికి ఇంకో బాక్టీరియా, ఆగ్రోబాక్టీరియం. ఇది చెట్లకు కణితి పుట్టిస్తుంది. దాని దగ్గరున్న టీఐ ప్లాస్మిడ్ నుంచి ఒక ముక్క తెగి మొక్క కణంలోకి చేరి అక్కడే నిలిచిపోతుందని 1977లో మేరీ డెల్ చిల్టన్ బృందం నిరూపించింది. కణితి జీన్లు తీసేసి, ఆ ముక్క రెండు సరిహద్దుల మధ్య మనకు కావాల్సిన జీన్ పెడితే అదే మోసుకెళ్ళి అతికిస్తుంది. మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చిన మొదటి బీటీ పత్తిలోని క్రై1ఏసీ జీన్ ఇట్లా వచ్చిందే.

కాబట్టి మీ నాన్న చేన్లో ప్లాస్మిడ్ లేదు. అది బండి మాత్రమే, సామాను దింపి వెళ్ళిపోయింది. జీన్ పత్తి క్రోమోజోములో కూర్చుంది, అందుకే మందు పోయకపోయినా తరతరాలు ఉంటుంది. గులాబీ రంగు పురుగు మళ్ళీ ఎందుకొచ్చిందంటే జీన్ పోయి కాదు, తట్టుకునే పురుగులు మిగిలి. ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చేవాళ్ళు చూడు, అది చేను చుట్టూ వేసి మామూలు పురుగుల్ని కూడా కొన్ని బతకనివ్వడానికి. మా బాపు ఆ పొట్లం గట్టు మీద పారేసేవాడు, లాగోడి పెట్టి పురుగుల్ని సాకుడేంది అని. మీ నాన్న ఏం చేశాడో అడుగు.

దీనికి పూర్తిగా తిరగేసిన కథ 2021 ఆగస్టులో అత్యవసర అనుమతి పొందిన జైకోవ్-డీ కోవిడ్ టీకా. అందులో బండే మందు, శరీరంలోకి పంపేది ప్లాస్మిడ్‌నే.

ముందు లైగేజ్ బఫర్ మూత తీసి వాసన చూడు. ఆ తర్వాత నాలుగు కంట్రోల్ ప్లేట్లు 16 గంటలకు తీసిన ఫోటో ఒకటి, కోయని ప్లాస్మిడ్ లేన్ కూడా ఉన్న జెల్ ఫోటో ఒకటి పెట్టు. మూడో ప్లేటులో ఎన్ని నీలాలు వచ్చాయో లెక్కపెట్టి రాయి, సుమారుగా కాదు.